అల్లుడుగారి అలక

మార్చి 3, సోమవారం

అల్లుడుగారు ఈరోజు కూడా తినలేదు.

పొద్దున వేసిన గుళికలు సాయంత్రానికి ఉబ్బి, తొట్టిలో మూలకి చేరి ఉన్నాయి. ఎండు రొయ్య ఒకటి తీసి ముక్కు ముందు ఊపాను. నా వైపు చూశాడు, రొయ్య వైపు చూశాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. మా ఆవిడ తాబేలు కదా, తన తీరే వచ్చింది.

మామగారు వీడికి అల్లుడుగారని పేరు పెట్టేనాటికి నేనింకా ఆ ఇంటి గడప తొక్కలేదు. రాయి మీద దర్జాగా కూర్చుంటాడు, తిండి ఉన్నచోటికే రావాలి, వచ్చింది నచ్చకపోతే మొహం తిప్పుకుంటాడు, ఇంక వేరే పేరెందుకు అన్నారట. నా పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో ఎవరైనా "అల్లుడుగారికి పెట్టారా?" అని అడిగితే నేనూ వీడూ ఇద్దరం తలెత్తేవాళ్ళం.

తను వాళ్ళక్క ఇంట్లోనే ఉంది. రెండు సంచులు, కుట్టుమిషను, బట్టల కత్తిరింపు నమూనాల కాగితాల చుట్టలు, అన్నీ తీసుకెళ్ళింది. గుమ్మంలో నిలబడి, "అక్కావాళ్ళింట్లో పిల్లి ఉంది. నాకంటూ ఒక గది చూసుకుని వచ్చి వీడిని తీసుకెళ్తాను. అప్పటిదాకా చూసుకోండి" అంది. గది చూసుకోవడం ఏమిటి, ఇంత ఇల్లు ఉండగా. అలక మీద ఉన్న మనిషి ఏదో ఒకటి అంటుంది. నిజంగా వెళ్ళిపోయేవాళ్ళు అల్లుడుగారిని వదిలి వెళ్తారా? వీడిని నా దగ్గర వదిలిందంటే తలుపు ఓరగా తీసి పెట్టుకుందన్నమాటే.

నాలుగు రోజులు చూడాలి. అలక ఎంత పెద్దదైనా దానికీ ఒక లెక్క ఉంటుంది.

మార్చి 5, బుధవారం

కంటి ఆసుపత్రిలో లిఫ్టు రెండో అంతస్తు దగ్గర కుదుపుతోందని ఫోను. అక్కడి మేనేజరు నన్ను చూడగానే మొదలుపెట్టాడు, తలుపు సమస్యండీ, వైరింగండీ, నిన్న వర్షం పడిందండీ అని. నేను తలూపి లోపలికి వెళ్ళి కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎక్కేవాళ్ళు చెప్పేది నేను ఏనాడూ పట్టించుకోలేదు. లిఫ్టు ఏమంటోందో వింటే చాలు. లిఫ్టు జారే పట్టా దగ్గర ఒక బోల్టు వదులైంది, అంతే. మా సూపర్‌వైజరు అందరి ముందూ అంటాడు, వీడు చెవితో రిపేరు చేస్తాడు అని.

ఇంటికొచ్చేసరికి అల్లుడుగారు గాజు మీద గోకుతున్నాడు. ముందు కాళ్ళు రెండూ గాజుకి ఆనించి, నిలువునా లేచి, గోళ్ళతో గీరుడే గీరుడు. జారి పడతాడు, మళ్ళీ లేస్తాడు. మామూలుగా అయితే ఈ వేళకి బల్బు కింద రాయెక్కి, మెడ చాపి, వెనక కాళ్ళు రెండూ వెనక్కి తన్ని ఎండ కాచుకుంటూ ఉంటాడు. నేను దగ్గరకొస్తే బుడుంగుమని నీళ్ళలోకి దూకుతాడు. ఈరోజు దూకలేదు. గోకుతూనే ఉన్నాడు. ఎటువైపో గమనించాను. వీధి తలుపు వైపు.

నాకు విషయం అర్థమైపోయింది. ఫోను చేశాను.

"వాడు తినడం లేదు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు వెళ్ళినప్పటినుంచి. రోజంతా తలుపు వైపే చూస్తున్నాడు."

"నీళ్ళు చల్లబడ్డాయేమో చూశారా? బల్బు వెలుగుతోందా?"

"అన్నీ ఉన్నాయి. నువ్వే లేవు."

మాట బాగా కుదిరిందనుకున్నాను. తను "డాక్టరుకి చూపించండి" అని పెట్టేసింది.

డాక్టరు ఎందుకు? మందు ఎవరి దగ్గరుందో తెలిసిపోయాక.

మార్చి 6, గురువారం

ఎండు రొయ్య వద్దట. వానపాము వద్దట. లేత ఆకు వద్దట. నేను కూడా అన్నం వద్దనుకున్నాను గాని ఆకలేసి తినేశాను.

మార్చి 8, శనివారం

నేను నిర్లక్ష్యం చేశానని రేపు ఎవరూ అనకూడదు. అందుకని సెలవు రోజున కూర్చుని తాబేళ్ళ జబ్బుల గురించి ఫోనులో చదివాను. కొత్త లిఫ్టు అప్పజెప్పే ముందు చూసినట్టే ఒక్కొక్కటీ చూశాను. కళ్ళు వాచి మూసుకుపోతే పోషకాలు చాలనట్టు. వాడి కళ్ళు నాకన్నా చురుగ్గా ఉన్నాయి. ముక్కులోంచి బుడగలు వస్తున్నా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినట్టు. అదేమీ లేదు. ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరిగిపోతే మరీ ప్రమాదమట. వాడు బల్లపరుపుగా ఈదుతున్నాడు. చిప్ప మెత్తబడిందేమో అని బొటనవేలితో నొక్కి చూశాను. రాయి. నొక్కినందుకు బుస్సుమన్నాడు కూడా.

యంత్రం అన్ని విధాలా బాగుంది. ఉన్నది అలక ఒక్కటే.

గాజు గోకుతున్నప్పుడు వీడియో తీసి తనకి పంపాను. కింద "ఎవరికోసమో" అని రాశాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. జవాబు వాళ్ళక్క, మా వదిన దగ్గర్నుంచి వచ్చింది.

"ఏం మరిదిగారూ, తాబేలు పేరు చెప్పి దాన్ని రప్పించాలని చూస్తున్నారా?"

"నేనేం చేశాను వదినా. వాడు బెంగపెట్టుకున్నాడు, ఆ మాట చెప్పాను."

"బెంగ వాడికా, మీకా?"

"ఇద్దరికీ అనుకోండి. అలక తీరాక అదే వస్తుంది లెండి."

"అలకని మీకెవరు చెప్పారు?" అంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. నాకు చిరాకేసింది. భార్య అలిగిందని భర్తకి ఎవరో వచ్చి చెప్పాలా?

మార్చి 9, ఆదివారం

తొట్టిలో కొట్టుకుంటున్నాడు కదా, కాస్త తిరగనిద్దామని నేల మీద వదిలాను. తాబేలు నడక అంటారుగాని వీడికి ఈరోజు ఎవరో తాళం చెవి తిప్పి వదిలినట్టుంది. సోఫా కింద దూరాడు, అలమర వెనక్కి వెళ్ళాడు, ప్రతి మూలా చూసుకుంటూ చివరికి వెనక గదిలోకి పోయాడు. అక్కడ నేను పోగేసిన పాత లిఫ్టుల గేరు మోటార్లకీ గోడకీ మధ్య ఉన్న సందులో మొహం గోడకి కాకుండా వీపు గోడకి పెట్టి నిలబడ్డాడు. ఇక వెనక కాళ్ళతో మొదలుపెట్టాడు. కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి, కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి, గచ్చు మీద నిదానంగా గీకుతున్నాడు. డాన్సు నేర్చుకుంటున్నట్టే ఉంది. నవ్వాగక అదీ వీడియో తీశాను. ఎంతసేపు గీకాడో. ఆగి, నా వైపు చూసి, మళ్ళీ గీకాడు.

ఆ గదిలోకే ఎందుకు వెళ్ళాడా అని తర్వాత ఆలోచించాను. అది తను కుట్టుపనికి అడిగిన గది. భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని గీతలు గీస్తుంది, నేను వచ్చేవేళకి అన్నీ చుట్టి మంచం కింద పెడుతుంది, మర్నాడు మళ్ళీ తీస్తుంది. "ఆ సామానంతా తీసేస్తే అక్కడ నా బల్ల పడుతుందండీ, కొలత కూడా చూశాను" అంది. "నా మోటార్లేం కావాలి, రోడ్డున పడాలా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మళ్ళీ ఒకటి రెండుసార్లు అడిగింది. అప్పుడూ నవ్వుకున్నాం. ఆమె నవ్విందనే నాకు గుర్తు.

వాడు ఆమె వాసన పట్టుకుని అక్కడికి వెళ్ళి ఉంటాడు. తాబేళ్ళకి ముక్కు బాగా పనిచేస్తుందని ఎక్కడో చదివాను.

మార్చి 11, మంగళవారం

మెత్తబడ్డాడు. గోకడం మానేశాడు. రోజంతా రాయి మీదే కూర్చున్నాడు. అన్నిటికన్నా మంచి విషయం, నేను దగ్గరికి వెళ్ళి తొట్టిలో చెయ్యి పెట్టినా నీళ్ళలోకి దూకలేదు. వేలితో తల నిమిరాను, నిమరనిచ్చాడు. ఇన్నేళ్ళలో వీడు నన్ను ముట్టుకోనివ్వడం ఇదే మొదలు. ఓపికగా ఉంటే ఎవరైనా దారికొస్తారు. తనకి ఈ మాట చెప్పాలనిపించింది గాని చెప్పలేదు. నా ఓపిక చెప్పుకుంటే విలువుండదు.

తిండి మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. రేపు తింటాడు.

మార్చి 12, బుధవారం

పొద్దున లేచి చూస్తే తల రాయి అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. నిద్రపోతున్నాడనుకున్నాను. నిద్రలో ఏ తాబేలైనా తల లోపలికి లాక్కుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు, అయినా నిద్ర అనే అనుకున్నాను. చేతుల్లోకి తీసుకున్నాను. కాళ్ళు లోపలికి లాక్కోలేదు. నాలుగు కాళ్ళూ తడిసిన గుడ్డ పేలికల్లా వేలాడాయి. ఒక కన్ను కొంచెం తెరిచి మూశాడు.

తనకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వదినకి చేశాను. "మరిదిగారూ, దాన్ని పనిచేసుకోనివ్వండి" అని ఆవిడ నా మాట వినకుండానే పెట్టేసింది. నేను ఆవిడని ఏమీ అనలేను. నిన్నటిదాకా నేను పంపిన వీడియోలు చూసినవాళ్ళు ఇంకేం అనుకుంటారు? "నాటకం కాదు. చచ్చిపోయేలా ఉన్నాడు" అని మెసేజి పెట్టి బకెట్లో తడి తువ్వాలు పరిచి అందులో వాడిని పెట్టుకుని బయల్దేరాను.

మా వీధి చివరి పశువుల డాక్టరు బకెట్లోకి తొంగి చూసి, నేను కుక్కలూ పిల్లులే చూస్తానండీ, వంతెన అవతల పక్షుల డాక్టరమ్మ ఉంది, తాబేళ్ళని కూడా ఆవిడే చూస్తుంది, ఆలస్యం చేయకండి అన్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. ఆటోలో బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా వాడి చిప్ప బకెట్ అంచుకి తగిలి చప్పుడవుతోంది. నీకేమైనా అయితే నేను తనకి మొహం ఎలా చూపించను రా అని పైకే అన్నాను. ఆటో అతను అద్దంలో చూశాడు.

డాక్టరమ్మ పొట్టిగా, తొందర తొందరగా ఉంది. ఆవిడ చేతుల మీద చిలకలు పొడిచిన మచ్చలున్నాయి.

"పేరు?"

"అల్లుడుగారు."

ఆవిడ నవ్వబోయి నా మొహం చూసి మానుకుంది. "ఆడా, మగా?"

"మగేనండీ. చెప్పాను కదా, అల్లుడుగారు."

వాడిని వెల్లకిలా తిప్పి తోక చూసింది. ముందు కాళ్ళ గోళ్ళు చూసింది. "మగవాటికి గోళ్ళు ఇంత పొడుగుంటాయి, తోక లావుగా ఉంటుంది. ఇది మగదని మీకెవరు చెప్పారు?"

"పేరే అదండీ. మా మామగారు పెట్టారు."

"పేరు మీరే పెట్టి, దాన్నే సాక్ష్యంగా తెస్తే ఎలాగండీ?" అంటూ వెనక కాలికి ముందున్న గుంటలో వేలు పెట్టి, చిప్పని మెల్లగా అటూ ఇటూ ఊపింది. ఆ వేలు ఒకచోట ఆగిపోయింది. వెంటనే ఎక్స్‌రేకి పంపించింది.

తెర మీద చూశాను. చిప్ప లోపల తెల్లగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుడ్లు. ఆవిడ పెన్సిలు మొనతో లెక్కపెట్టింది. ఆరు.

"ఒక్కతే ఉంటుందండీ, తొట్టిలో ఇంకో తాబేలే లేదు" అన్నాను, ఏదో తప్పుడు లెక్క పట్టుకున్నట్టు.

"కోడి పెట్టడం లేదా, పుంజు లేకపోయినా. ఇదీ అంతే. గుడ్లు పెట్టడానికి మట్టి కావాలి. మట్టి లేకపోతే ఆపుకుంటుంది. ఆపుకుని ఆపుకుని, ఇక చేతకాదు. ఎన్నాళ్ళుగా తినడం లేదు?"

"అలిగాడనుకున్నాను."

"అలక కాదండీ. నొప్పులు."

ఆ రెండు ముక్కలూ ఆవిడ మామూలుగానే అంది. తొట్టిలోంచి బయటపడాలని చూసిందా, మూలమూలలా తిరిగిందా, వెనక కాళ్ళతో తవ్విందా అని వరసగా అడిగింది. నేను ఫోను తీసి ఆదివారం వీడియో చూపించాను. అందులో నా నవ్వు వినిపిస్తోంది. ఆవిడ చివరిదాకా చూసి ఫోను తిరిగి ఇచ్చింది.

"ఇంత స్పష్టంగా అడిగిన పేషెంటు నాకీమధ్య రాలేదు" అంది.

ముందు కాల్షియం ఎక్కించి, వెచ్చగా ఉంచి, కాస్త ఓపిక వచ్చాక నొప్పుల ఇంజక్షను ఇస్తారట. రాకపోతే చిప్ప కోసి తీయాలట. ఇంత నీరసంలో మత్తిస్తే మళ్ళీ లేస్తుందని చెప్పలేనంది. అక్కడే ఉంచేయమంది.

ఖాళీ బకెట్‌తో ఇంటికొచ్చాను.

మార్చి 13, గురువారం

నిన్నటిదాకా రాసినదంతా తిరిగి చదివాను. దిద్దుదామనుకున్నాను. కూర్చున్నాడు, గోకాడు, మెత్తబడ్డాడు. ప్రతి మాట చివరా తప్పే. దిద్దితే డైరీ మొత్తం దిద్దాలి. వదిలేశాను. ఇకనుంచి అది అని రాయాలి. చెయ్యి తిరగడం లేదు.

మెత్తబడ్డాడని రాసిన రోజున అది చావుకి దగ్గరపడింది. ఓపికగా ఉంటే దారికొస్తారని కూడా రాశాను, నా చేతి రాతే.

పనిలోంచి ముందే బయటపడి క్లినిక్‌కి వెళ్ళాను. పొద్దున ఇంజక్షను ఇచ్చారట. వెచ్చటి నీళ్ళ పళ్ళెంలో ఉంచారు. ఒకటి, తర్వాత రెండు, మధ్యాహ్నానికి ఐదు వచ్చాయి. కాగితం మీద పెట్టి చూపించింది డాక్టరమ్మ. బొటనవేలంత పొడుగ్గా, తెల్లగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఐదొచ్చాయి కదా, ఇక భయం లేదు కదా అన్నాను.

"ఎక్స్‌రేలో ఆరున్నాయి" అంది.

ఆరోది పెద్దదట. దారికి అడ్డంగా తిరిగిందట. రేపు ఇంకో ఇంజక్షను ఇచ్చి చూస్తారు, దాంతోనూ కాకపోతే ఎల్లుండి కోస్తారు. పళ్ళెంలో అది కళ్ళు మూసుకుని ఉంది. పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియలేదు.

సాయంత్రం తను ఫోను చేసింది.

"మీ మెసేజి ఇప్పుడే చూశాను. మీ పేరు కనిపిస్తే తెరవడం మానేశాను. నిజమేనా?"

"నిజమే."

జరిగింది మొత్తం చెప్పాను. డాన్సు సంగతి కూడా. అల్లుడుగారు ఆడది అని చెప్పినప్పుడు ఆమె మామూలుగా అయితే పడీ పడీ నవ్వేది. ఈసారి నవ్వలేదు. "నేనూ చూసుకోలేదు ఇన్నేళ్ళూ" అంది. తర్వాత, "రేపు వస్తాను. దానికోసం" అంది. చివరి మాట విడిగా అంది.

మార్చి 14, శుక్రవారం

సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. తను నాకన్నా ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. చిక్కలేదు. చిక్కి ఉంటుందని ఎందుకనుకున్నానో. ఎదురుగా ఒక పెద్దాయన పంజరంలో చిలకని పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చిలక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. రెండో ఇంజక్షను ఇచ్చి, మధ్యాహ్నందాకా చూద్దామన్నారు.

లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేని చోట నాకేమీ తోచదు. తలుపు తీసినప్పుడల్లా ఇద్దరం లేస్తున్నాం, అది మాకోసం కాదు, మళ్ళీ కూర్చుంటున్నాం. నేనే అన్నాను.

"దానికి అలకని అనుకుని నాశనం చేశాను."

"ఊఁ."

"నువ్వూ అలిగావనే అనుకున్నాను."

ఆమె నా వైపు తిరిగింది. కోపం ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అనడానికి వీలుండేది.

"నేను అలగలేదండీ. బతిమాలేవాళ్ళుంటే అలుగుతారు. మొదట్లో అలిగేదాన్ని. ఒకసారి రెండు రోజులు మాట్లాడలేదు. మీకు తెలియనే లేదు. మీరు అన్నం తిని, పేపరు చదువుకుని, ఇల్లు ఇవాళ ప్రశాంతంగా ఉంది అన్నారు. ఆ తర్వాత మానేశాను."

"మరి ఇది?"

"ఇది వెళ్ళిపోవడం. గుమ్మంలో చెప్పాను కదా, గది చూసుకుంటానని. అందులో అర్థం కానిదేముంది?"

అర్థం కానిదేమీ లేదు. ప్రతి మాటా విడివిడిగా విన్నాను. విని, లోపల వేరే చప్పుడేదో వినిపిస్తోందని అనుకున్నాను. "గది దొరికిందా?" అని అడిగాను. ఆమెని నేను ఒక ప్రశ్న అడిగి జవాబుకోసం ఆగడం ఎంతకాలమైందో. దొరికిందంది. మూడో అంతస్తు. కిటికీ దగ్గర బల్ల పడుతుందట. ఒకటో తారీకునుంచి కాదు, వచ్చే వారమే ఇస్తారట. కిటికీ గురించి చెప్పేటప్పుడు ఆమె చేతులు కూడా మాట్లాడాయి. అది చూసి నాకు ఏడుపొచ్చింది. చిలక పెద్దాయన గోడ మీద క్యాలెండరు వైపు తిరిగాడు.

మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ బయటికొచ్చింది, చేతులు ఖాళీ.

"ఇక ఆగలేను. కోయాలంటే ఈరోజే కోయాలి, రేపటికి ఓపిక ఉండదు. ఎవరిదండీ ఇది?"

"నాది" అంది తను.

"మత్తులో పోవచ్చు. కోయకపోయినా పోతుంది. ఏమంటారు?"

తను లేచి, "ఒక్కసారి చూడొచ్చా?" అంది. లోపలికి వెళ్ళాం. పళ్ళెం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తను దాని చిప్ప మీద అరచెయ్యి పెట్టింది. ఏ పేరుతోనూ పిలవలేదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పుడు దాని వెనక కాళ్ళు కదిలాయి. కుడికాలు, తర్వాత ఎడమకాలు. గచ్చు మీద గీకినట్టే పళ్ళెం అడుగుని గీకింది. ఆదివారం నేను నవ్విన పనే.

"తవ్వుతోంది" అన్నాను. "అమ్మా, డాక్టరుగారూ, తవ్వుతోంది. మట్టి ఇవ్వండి దానికి."

"ఇంత నీరసంలో ఏం తవ్వుతుందండీ?"

"తవ్వకపోయినా ఫరవాలేదు. కాళ్ళకి మట్టి తగలనివ్వండి. అడుగుతోంది కదా."

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. "అరగంట. అంతకన్నా ఇవ్వను" అంది. క్లినిక్ ముందు పూలకుండీలున్నాయి. రెండిట్లో మొక్కలు పీకి మట్టి ప్లాస్టిక్ టబ్బులో ఒంపాను. తను వేడినీళ్ళు చల్లి చేత్తో కలిపింది. దాన్ని అందులో దించి, వెనక భాగం కిందికి వచ్చేలా చేత్తోనే చిన్న గుంట చేశాం. పైన గుడ్డ కప్పి బయటికొచ్చి తలుపు వేశాం. ఎవరైనా చూస్తుంటే పెట్టదట.

ఆ అరగంట గురించి ఏమీ రాయలేను.

డాక్టరమ్మ తలుపు తీసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వేళ్ళకి మట్టి అంటుకుని బయటికొచ్చింది. అరచేతిలో ఒక గుడ్డు, మిగతావాటికన్నా లావుగా, ఒక పక్క సొట్టపోయి ఉంది. మందు పనిచేసే వేళ కూడా అయిందండీ, మట్టి వల్లే అని నేను చెప్పను అంది. చెప్పక్కర్లేదన్నాను. తను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని పైకే ఏడ్చింది. పక్కనే కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకోవచ్చో లేదో తెలియలేదు, పట్టుకోలేదు.

మార్చి 16, ఆదివారం

తాబేలు ఇంటికొచ్చింది. రొయ్య తింది. వేలు కూడా కొరకబోయింది.

దానికి ఎప్పుడూ ఒక మట్టి పెట్టె అందుబాటులో ఉండాలట, దాని ఒంటి పొడుగుకన్నా లోతుగా, తడితడిగా. లిఫ్టు సామాను వచ్చిన పెట్టెల చెక్క మిగిలి ఉంటే కోసి చేశాను. దాన్ని ఎక్కడ పెట్టాలి? వెనక గది ఖాళీ చేశాను. మోటార్లన్నీ పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. మట్టి పెట్టె కోసమే అని రాయబోయాను. అబద్ధం ఎందుకు, తను వచ్చి చూస్తుందని చేశాను. ఆ గది ఇంత పెద్దదని నాకు తెలియదు.

మార్చి 19, బుధవారం

తను వచ్చి గది చూసింది. గుమ్మంలోనే నిలబడి చూసింది, లోపలికి అడుగు పెట్టలేదు. "బాగుంది" అంది. ఇక ఉండిపోతావా అని అడగలేదు నేను. జవాబు తెలుసు కాబట్టి అడగలేదు. కాదు, మళ్ళీ అదే పని. నాకు తెలుసని నేనెలా చెప్పగలను? అడిగాను.

"లేదండీ" అంది.

మార్చి 23, ఆదివారం

తొట్టి, బల్బు, రాయి, మట్టి పెట్టె, అన్నీ చిన్న ట్రాలీలో వేసుకుని తన గదికి చేర్చాను. ఆ భవనంలో లిఫ్టు లేదు. మట్టి పెట్టె వీపు మీద మోసుకుని మూడంతస్తులు ఎక్కేసరికి నడుము పట్టేసింది. నిజంగానే కిటికీ దగ్గర బల్ల వేసుకుంది. కాగితాలు చుట్టి లేవు. పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, మీద కత్తెర, సుద్ద. అది తొట్టిలో దిగగానే నీళ్ళన్నీ ఒక చుట్టు చుట్టి రాయెక్కి కాళ్ళు చాపింది. దానికి కొత్త చోటని కూడా లేదు.

కూర్చోమని తను అనలేదు. నేను వైరు సరిచేసి, బల్బు ఎత్తు చూసి, ఇంకేం చేయాలో తోచక చెప్పులు వేసుకుంటున్నాను.

"వచ్చే ఆదివారం మట్టి మార్చాలట. ఆ పెట్టె నేను ఎత్తలేను. మీరు రాగలరా?" అంది.

నా మనసు ఎక్కడెక్కడికో పోయింది. ఆ గొంతు ఎంత మెత్తగా ఉంది, మీరు రాగలరా అంటూ తల ఎటు వంచింది, ఎందుకు ఇప్పుడే అడిగింది, అన్నీ పోగేసుకోవడం మొదలుపెట్టాను. ఒక మెట్టు కూడా దిగేశాను. వెనక్కి తిరిగి అడిగాను.

"నన్ను రమ్మంటున్నావా, మట్టి మార్చమంటున్నావా?"

తను కాసేపు ఆలోచించింది. తొందరగా చెప్పేయకుండా ఆలోచించింది.

"మట్టి మార్చమంటున్నాను" అంది.

సరేనన్నాను.